పెద్దామె ఎక్కితే ఆగే కారు

బండి తెచ్చిన మనిషి ఏం చెప్పాడో, జాబ్ కార్డులో అదే రాయండి. మీ తెలివి అందులో కలపకండి. కార్ల రిపేరు పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఈ ఒక్క ముక్కే. మిగతాదంతా మీ చేతిలో ఉన్న స్కానరు నాకంటే బాగా చెబుతుంది. ఈ ఒక్క ముక్క నా తలకెక్కడానికి ఇరవై ఆరేళ్ళ సర్వీసు సరిపోలేదు. ఒక పెద్దామె, నాలుగు చింతపండు మూటలు కూడా కావలసి వచ్చాయి.

హోసూరులో బాగలూరు రోడ్డు మీద ఒక షెడ్డులో నేను కార్లకు కరెంటు పని చేసేవాణ్ణి. అక్కడ సీనియర్లం ఇద్దరమే. ఇంజను, గేర్లు ఫోర్‌మన్‌వి. వైర్లు, లైట్లు నావి. ఫోర్‌మన్‌ది తళి పక్కన ఒక పల్లె. మంచివాడే కాని, కంటికి కనబడని కరెంటును ఆయన ఏనాడూ నమ్మలేదు. పంపు మీద అనుమానం ఉన్న బండి వస్తే, కింద పడుకుని పెట్రోలు ట్యాంకుకు చెవి ఆనించి, డాక్టరులాగా కళ్ళు మూసుకుని, "ఊపిరుంది" అనో "పోయిందప్పా" అనో తేల్చేసేవాడు. నేను మీటరు పట్టుకుని అరగంట కుస్తీ పడ్డాక తేలేది కూడా అదే. నా కడుపుమంట అక్కడే.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. పెట్రోలు కారులో ట్యాంకు సాధారణంగా వెనక సీటు కింద ఉంటుంది. అందులో మునిగి ఉండే చిన్న మోటారే ఫ్యూయల్ పంపు. అది పెట్రోలును ముందున్న ఇంజనుకు తోస్తుంది. దానికి కరెంటు తెచ్చే వైరు సీటు కిందనుంచే వస్తుంది. కరెంటు ఆగితే పంపు ఆగుతుంది. పంపు ఆగితే బండి ఆగుతుంది. అంతకుమించి మీరు తెలుసుకోవలసిందేమీ లేదు.

కృష్ణగిరిలో చింతపండు మండీ పెట్టుకున్న ఒక షావుకారు కారు మా దగ్గరికి వచ్చింది. ఫోర్‌మన్ చెవి పెట్టి "పోయింది" అన్నాడు. నిజంగానే పోయింది. సీటు ఎత్తి, మూత తీసి, కొత్త పంపు దించి, వైరు తగిలించి, సీటు మళ్ళీ నొక్కి పంపించాను. కళ్ళు మూసుకుని చేయగలిగిన పని. ఆ రోజు నిజంగా కళ్ళు మూసుకునే చేశానని తర్వాత తెలిసింది.

రెండు వారాలు తిరక్కుండానే షావుకారు ఫోను చేశాడు.

"అప్పా, బండి నిలిచిపోతా ఉంది."

"ఎప్పుడు నిలిచిపోతా ఉంది? పొద్దున చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కినంకనా?"

పక్కన ఎవరో ఉన్నట్టున్నారు, గొంతు బాగా తగ్గించాడు.

"మా అమ్మ ఎక్కినప్పుడు."

నేను నవ్వాను. ఫోర్‌మన్‌కు చెప్తే ఆయనా నవ్వాడు. జాబ్ కార్డులో "అప్పుడప్పుడు ఆగిపోతోంది" అని మాత్రం రాశాను. పెద్దామె ఊసే ఎత్తలేదు. ఎలా ఎత్తను? పని నేర్చిన మనిషి రాసే మాటా అది?

బండి వచ్చింది. ఫోర్‌మన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని జూజువాడి చెక్‌పోస్టు దాకా తోలాను. లారీల మధ్య అడుగు అడుగుగా కదిలించాను, మళ్ళీ వెనక్కి వచ్చాను. ఒక్కసారి కూడా ఆగలేదు. స్కానరు తగిలిస్తే తప్పేమీ లేదంది. ఊరికే పంపడం బాగుండదని పంపుకు కరెంటు వదిలే రిలే ఒకటి మార్చి పంపించేశాను.

ఆ తర్వాత జరిగింది టోల్ గేటు దగ్గర. షావుకారే వచ్చి చెప్పాడు. తల్లిని ఎక్కించుకుని బంధువుల ఇంటికి పోతున్నారు. సరిగ్గా టోల్ గేటు కిందికి రాగానే బండి ఆగింది. వెనక లారీలు హారన్లు మొదలుపెట్టాయి. తోద్దామని అందరూ దిగారు. పెద్దామె కూడా దిగారు. షావుకారు తాళం తిప్పితే బండి స్టార్టయింది. అందరూ ఎక్కారు. ఒక ఫర్లాంగు పోయి మళ్ళీ ఆగింది. ఆమె దిగితే స్టార్టయింది. ఎక్కి కుదురుగా కూర్చున్నారో లేదో మళ్ళీ ఆగింది. నాలుగోసారికి లారీవాళ్ళు హారన్లు మానేసి, దిగొచ్చి చుట్టూ నిలబడి చూడటం మొదలుపెట్టారట. అయిదోసారి ఆమె దిగి, చేతిసంచీ తీసుకుని, "మీరు పోండి, నేను బస్సులో వస్తా" అని రోడ్డు దాటి వెళ్ళిపోయారు. ఆమె లేకుండా బండి బాణంలా పోయిందట.

"నా భార్య ఏమీ అనలేదప్పా," అన్నాడు షావుకారు. "అత్తకు బస్సే సౌకర్యం కదా, కాళ్ళు చాపుకోవచ్చు అనింది. అంతే."

ఆ "అంతే"లో ఏముందో మా ఇద్దరికీ తెలుసు. నేను ఈసారి నవ్వలేదు. కొత్త పంపులోనే ఏదో లోపం ఉందని ఇంకో పంపు దించాను. అదే సీటు, అదే మూత, అదే వైరు, అదే చెయ్యి. బండి మళ్ళీ కృష్ణగిరి పోయింది. పెద్దామె మళ్ళీ ఎక్కారు. బండి మళ్ళీ ఆగింది.

ఇంతలో ఇంకో చిక్కు వచ్చిపడింది. షావుకారు కూతురికి సంబంధం కుదిరింది. వేప్పనపల్లిలో మగపెళ్ళివారి ఇంట్లో తాంబూలాలు. అందరూ ఈ కారులోనే పోవాలి. దారిలో బండి ఆగితే శకునమంటారు. పెద్దామెను వదిలిపెట్టి పోతే ఇంకేమంటారో చెప్పనక్కర్లేదు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఆమె ఎక్కితే ఆగుతోందంటే, బరువుకు ఏదో నొక్కుకుపోతోంది. బరువే కారణమైతే మనిషి ఎందుకు, మూటలు చాలు. ఫోర్‌మన్‌తో కలిసి కృష్ణగిరి మండీకి పోయాను. మూటలకు కొదవలేదు. ఎన్ని పెట్టాలన్నదే ప్రశ్న.

"అమ్మ బరువెంత?" అని షావుకారును అడిగాను.

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె గోడవైపు చూసింది. మండీలో మూటలు మోసేవాళ్ళు కూడా ఉన్నపళంగా పనిలో పడ్డారు. ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడిగినట్టు లేదు.

లోపలి గదిలోనుంచి పెద్దామె బయటికి వచ్చారు. అప్పటిదాకా నేనామెను చూడలేదు. గంజిపెట్టిన చీర, నుదుట పెద్ద బొట్టు, చేతిలో తాళాలగుత్తి.

"చింతపండు తూచే కాటా మీద నేను ఎక్కాలనా మీ ఆలోచన?" అన్నారు.

షావుకారు కాటా మీదున్న మూటను పక్కకు దించాడు.

"అందరూ అట్ల తిరగండి. ఆ కరెంటాయన మాత్రం చూడొచ్చు."

అందరూ తిరిగారు. ఫోర్‌మన్ కూడా తిరిగాడు. ఆమె చెప్పులు విడిచి, దేవుడి ముందు నిలబడినట్టు కాటా ఎక్కారు. నేను చూశాను. ఆ అంకె ఈ రోజు వరకూ ఎవరికీ చెప్పలేదు, ఇక్కడా రాయను. పావు కిలో తేడాలో నాలుగు మూటలు సరిపోయాయని మాత్రం చెప్పగలను.

మూటలను వెనక సీట్లో ఎడమపక్క, ఆమె ఎప్పుడూ కూర్చునే చోటే పేర్చి, బెల్టు పెట్టాం. శూళగిరి దాకా పోయి వచ్చాం. దారి పొడుగునా ఫోర్‌మన్ వెనక్కి తిరిగి, "గాలి బాగా వస్తా ఉందా అమ్మా? అద్దం దించేదా?" అని మూటలను అడుగుతూనే ఉన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు వచ్చేంత నవ్వు వచ్చింది. గుంతల్లో దూకించినా, బ్రేకు కొట్టినా బండి ఆగలేదు.

మండీ ముందు దిగాక ఫోర్‌మన్ తన మామూలు గొంతుతో, అంటే వీధి చివరకు వినబడే గొంతుతో, తీర్పు చెప్పేశాడు.

"బరువు కాదప్పా. మనిషే!"

పెద్దామె గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. ఆ మాట విన్నారు. తాళాలగుత్తి నడుముకు దోపుకుని లోపలికి పోయారు. కోడలు నేల చూస్తూ నిలబడింది.

అప్పటిదాకా ఆ ఇంట్లో అది గుసగుస. మేం పోయి, కాటా పెట్టి, మూటలు తూచి, దాన్ని పరీక్ష చేసి రుజువు చేసి వచ్చాం. ఇంకొక్కసారి చూస్తానని చెప్పి బండి హోసూరుకు తెచ్చుకున్నాను గాని, ఏం చూడాలో నాకే తెలియదు.

తాంబూలాలకు ముందురోజు ఉదయం షెడ్డు తెరిచి గంట కూడా కాలేదు. గేటు దగ్గర చేతిసంచీతో పెద్దామె నిలబడి ఉన్నారు. ఒక్కరే.

"యాడప్పా మా బండి?"

"అమ్మా, మీరెట్ల వచ్చినారు? ఇంట్లో తెలుసునా?"

"గుడికి పోయొస్తా అని చెప్పినాను. గుడికి కూడా పోయినాను, అబద్ధం కాదు. ఆణ్ణించి బస్సు ఎక్కినాను."

స్టూలు తెచ్చి వేశాను. కూర్చోలేదు.

"మూటలు కూసుంటే పోతాది. నేను కూసుంటే నిలిచిపోతాది. నా కోడలు ఒక్క మాట కూడా అనలేదప్పా. అంటే నేనూ రెండు మాటలు అంటా, అయిపోతాది. ఏమీ అనకుండా ఉండాది చూడు, దానికే నాకు కష్టంగా ఉండేది. రేపు నేను పోతే ఆడ కూడా ఏమన్నా నిలిచిపోతాదేమో అని దానికి భయం. బిడ్డ పెళ్ళి కదా, భయం ఉంటాది. నువ్వు నన్ను ఎక్కించుకుని పో. నిలిచిపోనీ. ఏంటికి నిలిచిపోయిందో చూసి నాకు చెప్పు. నేనే కారణమయితే అది కూడా చెప్పు. ఇంట్లో ఉండిపోతా."

పాత జాబ్ కార్డు చించేసి కొత్తది తీశాను. "పెద్దామె ఎక్కితే ఆగుతోంది" అని రాశాను. ఆ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది.

రాసిన తర్వాత బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. పంపు దగ్గర కనెక్టరు నుంచి రెండు సన్నటి వైర్లు లాగి, సీటు మూసేసి, వాటి చివర ఒక చిన్న బల్బు కట్టి స్టీరింగు పక్కన అతికించాను. ఆమె వెనక ఎడమపక్క కూర్చున్నారు. నేను తోలుతున్నాను.

"ఆ దీపం ఏంటికప్పా?"

"పంపుకు కరెంటు వస్తా ఉందా లేదా అది చెప్తాదమ్మా. దీపం ఆరిపోయి బండి నిలిచిపోతే తప్పు వైరుది. దీపం వెలుగుతా ఉండి నిలిచిపోతే తప్పు పంపుది."

ఆమె కొంచెంసేపు ఆ దీపాన్నే చూశారు.

"నా తప్పయితే ఏ దీపం చెప్తాది?"

గేరు మార్చాను.

ఊరు దాటి హైవే ఎక్కాం. బండి బ్రహ్మాండంగా పోతోంది. అద్దంలో చూస్తే ఆమె ఫోటో స్టూడియోలో కూర్చున్నట్టు కూర్చుని ఉన్నారు. రెండు కాళ్ళూ కింద, రెండు చేతులూ ఒళ్ళో, చూపు నేరుగా ముందుకు.

"ఇంట్లోవాళ్ళతో పోయేటప్పుడు ఎట్ల కూసుంటారో అట్ల కూసోండమ్మా."

"ఎప్పుడూ ఇట్లే కూసుంటా."

ఇలా కాదని కబుర్లలో దించాను. ఏం వంటలు చేస్తున్నారు రేపు అని అడిగాను. మగపెళ్ళివారు ఒబ్బట్లలో కొబ్బరి పెడతారంట, పప్పు పెట్టరంట, కొబ్బరితో చేసింది ఒబ్బట్టు ఎట్లా అవుతుందని మొదలుపెట్టారు. పప్పు ఎంతసేపు ఉడకాలి, బెల్లం ఎప్పుడు వేయాలి, తన కోడలు బెల్లం ఎందుకు ముందే వేస్తుంది. మాటల్లో పడిపోయి నన్ను మరిచిపోయారు, బండిని మరిచిపోయారు.

దీపం ఆరిపోయింది. ఇంజను ఒకసారి దగ్గి ఆగింది. బండిని మెల్లగా పక్కకు దొర్లించి, గట్టిగా అరిచాను.

"కదలొద్దమ్మా!"

"పామా?"

"కాదమ్మా."

"తేలా?"

"ఏమీ లేదు. అట్లే ఉండండి!"

వెనక్కి తిరిగి చూశాను. పెద్దామె ఎడమ కాలు మడిచి, పైన చీర కప్పి, సీటు మీద పెట్టుకుని, ఆ మోకాలి మీద చెయ్యి ఆనించి, ఇంటి అరుగు మీద కూర్చున్నట్టు హాయిగా కూర్చుని ఉన్నారు. ఒళ్ళు బరువంతా ఆ ఒక్క మూలకు వాలి ఉంది.

"అమ్మా, ఆ కాలు రొంత దించండి."

దొంగతనం బయటపడ్డట్టు గబుక్కున దించారు. దీపం వెలిగింది.

"మళ్ళీ పైకి పెట్టండి."

ఆరింది.

"దించండి." వెలిగింది. "పెట్టండి." ఆరింది. నాకు పిచ్చి సంతోషం పట్టుకుంది. కిందికి దిగి, వెనక తలుపు తెరిచి, ముందున్న దీపాన్ని చూస్తూ, "దించండి! పెట్టండి! దించండి!" అని కేకలు వేస్తున్నాను. ఆమె అంతే బుద్ధిగా చేస్తున్నారు. ఒక లారీ డ్రైవరు బండి స్లో చేసి, రోడ్డు పక్కన ఒక పెద్దావిడతో కసరత్తు చేయిస్తున్న నన్ను చూసి, దిగి వచ్చి, "ఎన్నణ్ణా, ఆస్పత్రికి పోణుమా?" అని తమిళంలో అడిగాడు. ఆస్పత్రి అక్కర్లేదు, బండి రిపేరు చేస్తున్నాం అని పెద్దామె చెప్పారు. అతను ఇంకా భయపడి వెళ్ళిపోయాడు.

మూటలు చదునుగా కూర్చుంటాయి. మిగతా మనుషులు కాళ్ళు దించి కూర్చుంటారు. ఆ వెనక మూలకు అంత బరువు పెట్టేది ఆ కుటుంబంలో ఈమె ఒక్కరే.

ఆమెను దిగమని సీటు ఎత్తాను. ఎత్తగానే నా సంతోషం అంతా ఆరిపోయింది.

పంపు వైరు పోవడానికి రేకులో ఒక పల్లం ఉంటుంది, దాన్ని పట్టి ఉంచడానికి ఒక క్లిప్పు ఉంటుంది. వైరు ఆ క్లిప్పులో లేదు. రేకు అంచు మీదుగా అడ్డంగా పడి ఉంది. ఆమె మూలకు వాలినప్పుడల్లా సీటు కింది కమ్మి దిగి దాన్ని ఆ అంచుకేసి నొక్కుతోంది. పైన తొడుగు చెక్కుచెదరలేదు, చిన్న నొక్కు మాత్రం ఉంది. రెండు వేళ్ళతో పట్టి లాగితే రబ్బరులాగా సాగింది. లోపల రాగి తెగిపోయింది. నొక్కితే రెండు ముక్కలూ విడిపోతాయి, వదిలితే మళ్ళీ తాకుతాయి.

ఆ వైరును క్లిప్పులో పెట్టకుండా అంచు మీద వేసిన చెయ్యి నాదే. మొదటి పంపు మార్చినప్పుడు వేశాను. రెండోసారి మార్చినప్పుడు మళ్ళీ అక్కడే వేశాను. ఆ పొద్దున బల్బుకు వైర్లు లాగినప్పుడు కూడా అది నా కళ్ళ ముందే ఉంది, చూడలేదు. రిలేను అనుమానించాను, పంపును అనుమానించాను, ఒక పెద్దమనిషిని కాటా ఎక్కించాను. నన్ను తప్ప అందరినీ అనుమానించాను.

"దొరికిందాప్పా?" ఆమె నా భుజం మీదుగా వంగి చూస్తున్నారు.

"దొరికిందమ్మా. వైరు తెగింది."

"ఎవరు తెంచినారు?"

ఎలుక అని చెప్పొచ్చు. ఎలుకలు వైర్లు కొరకడం మా వృత్తిలో ప్రతివారం ఉండేదే, ఏ ఎలుకా వచ్చి కాదనదు. నోటి దాకా వచ్చింది కూడా. ఆమె మొహం చూశాక మింగేశాను.

"నేనేనమ్మా. పెట్టాల్సిన చోట పెట్టకుండా పోయినాను. రెండుసార్లు."

"ఇంగొకసారి చెప్పు."

"నా తప్పేనమ్మా."

ఆమె రోడ్డువైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకున్నారు. ఏడుస్తున్నారనుకున్నాను. ఇటు తిరిగేసరికి నవ్వుతున్నారు.

"సరే. ఈ మాట నాకు చెప్పి ఏమి లాభం? రేపు వేప్పనపల్లికి వచ్చి అందరి ముందరా చెప్పల్ల."

"అట్లే చెప్తానమ్మా."

"కాలు మాత్రం చెప్పకూడదు."

"కాలు చెప్పకపోతే ఎట్లమ్మా? అసలు కారణం అదే కదా?"

"కారులో కాళ్ళు దించి కూసోండి, మర్యాదగా కూసోండి అని ఆ ఇంట్లో అందరినీ తిట్టేది నేనే అప్పా."

మాట ఇచ్చాను. ఇప్పుడు రాస్తున్నావు కదా అంటారేమో. ఆమె బడిలో చదివింది తమిళం. తెలుగు మాట్లాడతారు గాని ఒక్క అక్షరం చదవలేరు. ఆ ధైర్యంతో రాస్తున్నాను.

తెగిన వైరు కోసి, కొత్త ముక్క అతికి, పల్లంలో పెట్టి, క్లిప్పు బిగించాను. ఆమె వచ్చి, ఎడమ కాలు మడిచి, దర్జాగా కూర్చున్నారు. కృష్ణగిరి దాకా ఒక్కసారి కూడా దించలేదు. దీపం ఒక్కసారి కూడా ఆరలేదు.

మర్నాడు వేప్పనపల్లిలో తాంబూలాలు మార్చుకున్నారు, పంక్తి వేశారు. ఆకుల్లో ఒబ్బట్లు పడ్డాయి, సాంబారు ఇంకా రాలేదు. పెద్దామె చెయ్యి ఎత్తి వడ్డన ఆపించారు.

"ఈ అప్ప ఏమో చెప్పాలంట. వినండి."

మైకు లేదు, అదొక్కటే నా అదృష్టం. రెండు పంక్తుల మధ్య నిలబడ్డాను. నా జీవితంలో ఎప్పుడూ నలుగురి ముందు మాట్లాడినవాణ్ణి కాదు. మొదట నా తప్పు ఒప్పుకున్నాను. అంతటితో ఆపేయాల్సింది. మొహాలన్నీ అర్థం కానట్టు ఉంటే, వివరించి చెప్పాలనిపించింది. ఎదురుగా ఉన్న ఒక ముసలాయన ఆకు చూపించి, "ఈ ఆకు ట్యాంకు అనుకోండి, ఈ ఒబ్బట్టు పంపు అనుకోండి, ఈ చిక్కుడుకాయ వైరు అనుకోండి" అని మొదలుపెట్టాను. ముసలాయన చేతులు ఒళ్ళో పెట్టుకుని నా పాఠం మొత్తం విన్నాడు. చివర్లో మర్యాదగా అడిగాడు.

"ఇప్పుడు పంపు తినొచ్చునా అప్పా?"

నవ్వులు ఆగాక, మగపెళ్ళివారివైపు నుంచి ఒకాయన అడగకూడని ప్రశ్న అడిగాడు.

"అది సరే అప్పా. అందరూ కూసుంటే లేనిది ఆయమ్మ కూసుంటేనే ఏంటికి నిలిచిపోయింది?"

పెద్దామె నా వైపు చూశారు. ఆ చూపుకు ఇప్పటికీ చెమట పడుతుంది.

"మనమంతా బండిలో వాలిపోయి కూసుంటామప్పా," అన్నాను. "ఆయమ్మ ఒక్కరే నిటారుగా కూసుంటారు. బరువంతా ఒకచోట పడతాది."

రెండు పంక్తుల్లోనూ జనం ఒక్కసారిగా నడుములు నిటారు చేశారు. షావుకారు భార్య నేతిగిన్నె పట్టుకుని అందరినీ దాటి ముందు అత్త ఆకు దగ్గరికి పోయింది. వంగి నెయ్యి వేస్తూ, "అత్తా, పోయేటప్పుడు నా పక్కన కూసుందురు" అంది. పెద్దామె "బెల్లం ముందే వేసే మనిషి పక్కన నేను కూసోను" అన్నారు. కోడలు నవ్వింది. ఇంకో గరిటె నెయ్యి వేసింది.

భోజనాలయ్యాక చేతులు కడుక్కుని మెల్లగా జారుకుందామనుకున్నాను. పెళ్ళికొడుకు అవ్వ దారికి అడ్డం నిలబడింది. సన్నటి మనిషి, కాని కదిలే మనిషి కాదు.

"నువ్వేనా ఆడోళ్ళ తప్పు కాదని కనిపెట్టేది?"

"అట్లని కాదమ్మా..."

"రా. మా ఇంట్లో మిక్సీ ఉండాది. మా కోడలు వేస్తే తిరుగుతాదంట, నేను వేస్తే నిలిచిపోతాదంట. నా చేతి గుణమంట."

వంటింట్లోకి తీసుకుపోయింది. వెనకాలే పెద్దామె కూడా వచ్చి గట్టు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆ ఇంటి కోడలు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. తీర్పు కోసం చూస్తోందని తెలుస్తూనే ఉంది.

"ఎట్ల వేస్తారో నాకు చూపించండమ్మా," అన్నాను. ఈసారి మూటల జోలికి పోదలచుకోలేదు.

అవ్వ జాడీలో కొబ్బరి వేసింది. పప్పులు వేసింది. మిరపకాయలు వేసింది. మళ్ళీ కొబ్బరి వేసింది. ఇంకా చోటుందని చేత్తో అదిమి, మరికాస్త కొబ్బరి కుక్కి, రెండు చేతులతో మూత నొక్కిపట్టి, స్విచ్చిని ఒకేసారి చివరి దాకా తిప్పింది. మిక్సీ పాపం రెండుసార్లు మూలిగి ఆగిపోయింది.

తలకిందులు చేసి చూశాను. అడుగున ఎర్ర బొత్తాం బయటికి వచ్చి ఉంది. మోయలేనంత బరువు వేస్తే మోటారు కాలిపోకుండా ఆపే బొత్తాం అది. వైరు బాగుంది, మోటారు బాగుంది. మనిషే.

చాలాసేపు చూసినట్టు నటించాను. జేబులోనుంచి టెస్ట్ బల్బు తీసి, అవసరం లేని చోట్ల కూడా ఆనించాను. ఎర్ర బొత్తాం ఎవరికీ కనబడకుండా బొటనవేలితో నొక్కేశాను. జాడీలోంచి సగం తీసి పక్కన పెట్టి స్విచ్చి వేస్తే గిర్రున తిరిగింది.

"వైరు లూజమ్మా," అన్నాను. "బిగించేసినాను. కానీ పాత మిషను కదా, ఇంక మీదట ఎవరు వేసినా సగమే వేసుకోండి."

అవ్వ కోడలివైపు తిరిగింది. "వింటివా?"

"వింటినత్తా," అని కోడలు చేతులు విడదీసుకుని, జాడీ అందుకుంది.

మిక్సీ మోతలో నా పక్కకు వంగి, పెద్దామె నెమ్మదిగా అడిగారు.

"నిజంగా వైరేనా అప్పా?"

"వైరేనమ్మా."

ఆమె జాడీలోంచి తీసి పక్కన పెట్టిన కొబ్బరివైపు చూశారు.

"మంచి వైరు," అన్నారు.